తీతువు గూళ్ళ టీచరమ్మ

దేవుడి దగ్గర దీపం పెట్టి, అక్షింతలు చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోన్ మోగింది. మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి మా నడిపి చెల్లెలు. "చిన్నది పోయిందక్కా" అంది. పొద్దున ఎనిమిదిన్నర. చిన్నదాని కోసం జావ కాచి డబ్బాలో పోసి, బస్సుకు బయల్దేరే ముందు పూజకు కూర్చున్నాను. మధ్యలో లేవలేదు. చేతిలోని అక్షింతలు వేసి, హారతి ఇచ్చి, అప్పుడు లేచాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. చిన్నది ఉంటే మాత్రం "ముగించుకొనే రా అక్కా, నేనేడికి పోత" అనేది.

మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం. నేను పెద్దదాన్ని. చిన్నది నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ చేనికి పోతే నా చంకలోనే పెరిగింది. చదువుకుంది, నారాయణపేట దగ్గర ఒక ఊరి బడిలో సైన్సు టీచరైంది. పెళ్ళి వద్దంది. రెండుసార్లు అడిగాం, మూడోసారి అడగలేదు. నారాయణపేటలో మా ఇంటి మేడమీద గదిలో ఉండేది. ఆ గదిలో మంచం, ఒక కుర్చీ, గోడ నిండా పిట్టల బొమ్మలు. బొమ్మల కింద ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు, ఆ పక్కన మా ఊళ్ళ ఆడవాళ్ళు పిలిచే పేరు. ఆ మూడో పేరు కోసం ఆమె ఎంతమంది గడపలు తొక్కిందో నాకు తెలుసు.

చేలల్లో తిరిగొచ్చి దుర్భిణిని మా పూజగది మేకుకు తగిలించేది. నాకు కోపం వచ్చేది.

"దేవుని ముందల గదేందే?"

"జర ఆయన గూడ చూస్తడు తియ్యక్కా. ఆయన చేసినవే గదా."

నవ్వు ఆపుకుని దాన్ని తీసి పక్కన పెట్టేదాన్ని. మర్నాడు మళ్ళీ అక్కడే ఉండేది.

పిట్టల దగ్గరికి పోయినప్పుడు వాటికి వీపు పెట్టి కూర్చోవడం ఆమె అలవాటు. మొదటిసారి చూసినప్పుడు, ఇంత దూరం వచ్చి అటు తిరిగి కూర్చుంటుందేమిటని నాకు వింతగా అనిపించింది. చేతిలో చిన్న అద్దం ఉంది, జాతరలో దువ్వెనతో పాటు అమ్మే అద్దం. దానిలో వెనక జరిగేదంతా చూస్తోంది.

"కండ్లంటే భయమక్కా వాటికి" అంది మెల్లగా. "వాటిని తినేటోళ్ళందరు ముందుగాల కండ్లతోనే చూస్తరు. వీపు చూపెడితే, ఇదేదో పుట్ట అనుకొని వాటి పని అవి చేసుకుంటయి."

బడిలో కూడా అంతేనట. తడబడే పిల్ల జవాబు చెప్పడానికి లేస్తే ఆమె నల్లబల్ల వైపు తిరిగి నిలబడేదట. పిల్ల ఆ వీపుకే జవాబు చెప్పేది. ఆమె సంతాపసభలో ఈ మాట చెప్పింది ఒకప్పటి ఆమె విద్యార్థిని. ఇప్పుడు తానే టీచరు. సగంలో ఏడుపు ఆపుకోలేక ఆమె కూడా మాకు వీపు తిప్పి నిలబడింది.

ఇక తీతువు సంగతి. మా వైపు తీతువు పిట్ట ఇంటి మీదుగా అరిస్తే చావు కబురు వస్తుందని భయం. మా అవ్వ పొయ్యిలో ఉప్పు వేసేది. నేను కిటికీ మూసి దేవుడి పేరు తలుచుకునేదాన్ని. పెళ్ళై పిల్లలు పుట్టాక కూడా అంతే. ఒకరోజు చిన్నది నేను మూసిన కిటికీ తెరిచింది.

"అది మనల్ని చూసి భయపడి అరుస్తదక్కా. మనం దాన్ని చూసి భయపడ్తున్నం. ఇద్దరం భయపడ్తే ఎట్ల? ఎవరో ఒకరం మానాలె గదా."

ఆమె చెప్పాక తెలిసింది. ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. పడావు పడ్డ బీడు చేనులో, ఉత్త నేల మీద, నాలుగు గులకరాళ్ళు పేర్చుకుని మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. గుడ్లు మట్టి రంగులో ఉంటాయి. రెండడుగుల దూరంలో నిలబడినా కనబడవు. మనిషి అటు నడిస్తే చాలు, గుడ్లను తొక్కుతాడేమోనని నెత్తి మీద ఎగురుతూ అరుస్తుంది. వాటిలో ఒక రకానికి కళ్ళ దగ్గర పసుపురంగు తోలు వేలాడుతుంది. ముఖానికి పసుపు రాసుకున్నట్టే ఉంటుంది. ఆ రకమే మా వైపు చేలల్లో తగ్గిపోతోందని ఆమె బాధ. గుడ్లు పిల్లలు కావడానికి దాదాపు నెల పడుతుంది. ఈలోపు రోహిణి కార్తె ముగిసి మృగశిర, మా మాటలో మిరుగం, వస్తుంది. తొలి వాన పడగానే ట్రాక్టర్లు దిగుతాయి. ఎద్దుల నాగలి వెనక నడిచే మనిషి నేలను చూస్తాడు. ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి ఇంత చిన్న గుడ్డు ఎక్కడ కనబడుతుంది?

రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్ళకు అనుకుంటాను, పిట్టల మీద పనిచేసే వాళ్ళకు చిన్న చిన్న గ్రాంట్లు ఇచ్చే ఒక సంస్థ ఉందని ఆమెకు తెలిసింది. వంటింటి గడప మీద కూర్చుని దరఖాస్తు రాసింది. నేను కంది పప్పు చెరుగుతున్నాను.

"అక్కా, 'ఈ పని వల్ల ఎవరికి మేలు' అని అడిగిండ్రు. ఏం రాయాలె?"

"పిట్టలకు."

"అంతేనా?"

"ఇంకేం గావాలె?"

నవ్వి అదే రాసింది. వెంటనే ఏమీ రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ పంపితే వచ్చింది. ట్రాక్టర్‌కు రెండు కొత్త టైర్లు కొంటే అయిపోయేంత డబ్బు. ఇంత దానికేనా ఇన్ని కాగితాలని అన్నాను.

"చిన్న పైసలే మంచియక్కా" అంది. "పెద్ద పైసలొస్తే జీపు కొంటరు. చిన్న పైసలొస్తే నడుస్తరు. గూడు జీపుల కూసుంటే కనవడ్తదా?"

నడిచింది. బడి లేని ప్రతి పూటా నడిచింది. జేబులో జొన్నరొట్టె ముక్క, ఉల్లిగడ్డ. ఆ ఎండాకాలం పదహారు గూళ్ళు కనిపెట్టింది. ఒక్కో గూటికి నాలుగు బారల దూరంలో ఒక రాయి పాతి దానికి సున్నం పూసింది. ట్రాక్టర్ నడిపేవాడికి దూరం నుంచే కనబడాలని.

అక్కడే దెబ్బతింది. ఆ రోజుల్లో కాలువ కోసం సున్నం రాళ్ళు పాతి భూములు కొలుస్తున్నారు. ఎవరి చేను పోతుందో, ఎవరి చేను మిగులుతుందో ఎవరికీ తెలియదు. చేనులో సున్నం రాయి కనబడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. వారం తిరగకముందే ఒక పొద్దున మా వాకిట్లో ట్రాక్టర్ ఆగింది. నడిపేది ఎల్లయ్య. ఆ చుట్టుపక్కల చేలన్నీ కిరాయికి దున్నేది అతనే. వెనక ట్రాలీ డబ్బా ఎత్తి, పీకిన తొమ్మిది రాళ్ళూ మా గేటు ముందు కుమ్మరించాడు.

"టీచరమ్మా, చదువుకున్నదానివి. మా భూముల సున్నం రాళ్ళెందుకు పాతినవ్?"

"పిట్ట గూళ్ళ కోసం పెట్టిన ఎల్లన్నా."

"పిట్టల కోసమా! సర్వేయోళ్ళు గూడ మొదలు గట్లనే చెప్పిండ్రు, ఏదో పైపుల కోసమని."

అతను నమ్మలేదు. తప్పు పట్టడానికి లేదు. ఆమె ఏమీ వాదించలేదు. "మిమ్మల్ని అడగకుండ పెట్టిన, తప్పు నాదే" అంది. ఎల్లయ్య ఆ మాట ఊహించలేదు. మంచినీళ్ళు అడిగి తాగి పోయాడు. ఒక్క మాట మాత్రం అన్నాడు. చివర చేలల్లో ఇంకా ఏడు రాళ్ళున్నాయి, రేపు వాటినీ పీకుతారని.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఆ రోజు శుక్రవారం. చిన్నది బడికి పోయింది. నేను ఆటో మాట్లాడుకుని ఆ చేలకు పోయాను. ఏడు రాళ్ళకూ నీళ్ళు పోసి కడిగాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. పసుపు పెట్టిన రాయిని మా వైపు ఎవరూ పీకరు. దాని మీదుగా నాగలి పోనివ్వరు. అడిగితే వద్దంటుందని ఆమెకు చెప్పలేదు. మంచి పనే చేశాననుకుని ఇంటికొచ్చి ప్రశాంతంగా విష్ణు సహస్రనామం చదువుకున్నాను.

నిజమే, ఎవరూ పీకలేదు. నాలుగు రోజులు నాలో నేను సంతోషపడ్డాను. మంగళవారం సాయంత్రం చిన్నది బడి నుంచి వచ్చి "అక్కా, నాతోటి రా" అంది. ఎందుకని చెప్పలేదు. స్కూటర్ మీద తీసుకుపోయింది.

చేను గట్టున చెప్పులు కుప్పగా ఉన్నాయి. కొత్తగా అమ్మవారు వెలిసిందని ఊరంతా వచ్చిపోతోంది. ఎవరి బిడ్డకో జ్వరం తగ్గిందట. రాయి చుట్టూ దూరందాకా ఊడ్చి, పేడనీళ్ళ సాన్పి చల్లి, ముగ్గు పెట్టారు. కొబ్బరి చిప్పలు, అగరొత్తులు. ఆడవాళ్ళు భక్తిగానే ఊడ్చారు. ఊడ్చేటప్పుడు గులకరాళ్ళ మధ్య గుడ్లు కనబడ్డాయి. అమ్మవారే ఇచ్చిందనుకుని కళ్ళకు అద్దుకున్నారు. వాటికి కూడా బొట్లు పెట్టి రాయి ముందు వరుసగా పేర్చారు.

నాలుగు గుడ్లు. నాలుగింటికీ కుంకుమ. పైన పిట్ట అరుస్తూ తిరుగుతోంది. ఆడవాళ్ళు దానికి కూడా దండం పెడుతున్నారు.

చిన్నది ఒక గుడ్డును చేతిలోకి తీసుకుంది. చెంపకు ఆనించి చూసింది. మళ్ళీ అక్కడే పెట్టింది.

"నేనే పెట్టిన పసుపు" అన్నాను.

"తెలుసక్కా."

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని, నా పక్కన కూర్చుని అంది: "నువ్వు కాపాడుదామనుకున్నవ్. వాళ్ళు మొక్కుకున్నరు. ఇందుల చెడ్డోళ్ళు ఎవరు లేరు. గుడ్లు మాత్రం సల్లబడ్డయి."

ఆ ఏడు చోట్లా అదే జరిగింది. ఏడు గూళ్ళూ పోయాయి. నేను చేసిన పూజల్లో అదొక్కటి నాకు ఇప్పటికీ అరగదు.

ఏడాది చివర ఆమె గ్రాంటు ఇచ్చిన వాళ్ళకు నివేదిక పంపాలి. అది చూసే వాళ్ళు రెండో ఏడు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. రాళ్ళు పీకిన తొమ్మిదింటిలో ఏడింటిని ట్రాక్టర్లు తొక్కాయి. పదహారు గూళ్ళలో పిల్లలైనవి రెండే. నాకు భయం వేసింది. నా వల్ల ఆమె పని ఆగిపోతుందని. ఉన్నది ఉన్నట్టు చెప్పనా? సిగ్గు కూడా వేసింది.

"పసుపు ముచ్చట రాయకే. గాలివాన వచ్చిందని రాయి. నిజంగనే వచ్చింది గదా ఒకరోజు."

నేను దేవుడికి దండం పెట్టే మనిషిని. ఆ మాట అన్నది నేనే.

"గాలివాన అని రాస్తె, వచ్చే ఏడు ఇంకో ఊర్ల ఇంకో టీచరు మళ్ళ సున్నం రాయి పెడ్తది" అంది. "మళ్ళ ఇంకో అక్క పసుపు పెడ్తది."

రాసి నాకు చదివి వినిపించింది. నా పసుపు సంగతి మూడు వాక్యాల్లో ఉంది. దానికి ముందు ఆమె తప్పు ఒక పేజీ ఉంది. రైతులను అడగకుండా వాళ్ళ చేలల్లో గుర్తు పెట్టడం ఎట్లా తప్పో, కాలువ భయం ఉన్న ఊళ్ళో సున్నం వాడడం ఎంత తెలివితక్కువో. నా తప్పు ఆమె తప్పు వెనకాల చిన్నగా నిలబడింది. ఆమె కావాలనే అట్లా రాసిందని నాకు అప్పుడే అర్థమైంది.

కొన్ని వారాలకు ఆ సంస్థ నుంచి ఒక పెద్దమనిషి హైదరాబాదు నుంచి వచ్చాడు. ఎండకు ముఖం కమిలిపోయింది. మజ్జిగ ఇచ్చాను. తాగి, గ్లాసు కింద పెడుతూ "నివేదికలో ఉన్న అక్కగారు..." అని ఆగాడు.

"నేనే" అన్నాను.

"ఆ పేజీ నేను రెండుసార్లు చదివానమ్మా. మాకు వచ్చే నివేదికల్లో అన్నీ గెలిచినవే ఉంటాయి. ఇంత పని జరుగుతుంటే పిట్టలు ఎందుకు తగ్గుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు." తర్వాత చిన్నదాని వైపు తిరిగాడు. "ఇంకో ఏడాది ఇస్తే ఏం చేస్తారు?"

"రాళ్ళు పెట్టం సార్. అడుగుతం."

అంతే చెప్పింది. ఆయన నవ్వాడు. రెండో ఏడు వచ్చింది.

ఆమె ఎవరిని అడిగిందో చూడండి. మిరుగానికి ముందు చేలల్లోకి మొదట దిగేది కూలి ఆడవాళ్ళు. పోయిన పంట పత్తి కట్టె, కంది కొయ్యలు ఏరి చేను శుభ్రం చేస్తారు. వంగి నేలను చూస్తూ నడుస్తారు కాబట్టి గూళ్ళు ముందు వాళ్ళకే కనబడతాయి. ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నారు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. ఆ జట్టుకు పెద్ద బాలమ్మ. అక్షరం రాదు. నోరు మాత్రం గట్టిది. చిన్నది తన పద్ధతి మొత్తం బాలమ్మ నోటి మీద పెట్టింది. గూడు చూసిన ఆడమనిషి బాలమ్మకు చెప్తుంది. బాలమ్మ ఎల్లయ్యకు చెప్తుంది. ఎల్లయ్య అక్కడికి రాగానే నాగళ్ళు పైకెత్తి, ఆ నాలుగు బారలు దాటించి మళ్ళీ దించుతాడు. రాయీ లేదు, జెండా లేదు.

ఎల్లయ్యను ఒప్పించిన రోజు నేనూ ఉన్నాను. మా వాకిట్లోనే. చిన్నది చాయ్ పెట్టింది.

"దీని కూత వింటేనే దినం పాడైతదంటరు" అన్నాడు ఎల్లయ్య. "దీనికి నేను జాగా ఇడువాల్నా టీచరమ్మా?"

చిన్నది నోరు తెరిచే లోపే బాలమ్మ అందుకుంది. "పొద్దుగాల లేస్తె నీ మొకమే చూస్తున్నం గదా ఎల్లన్నా, ట్రాక్టర్ మీద. మా దినాలు పాడైనయా? చేన్లు గలోళ్ళు పైసలిచ్చి నిన్ను పిలుస్తలేరా?"

అందరూ నవ్వారు. ఎల్లయ్య కూడా నవ్వాడు. "సరే తియ్యి. కానీ నాగండ్లు ఎత్తి దించుడుకు టైం పోతది. చేను గలోడు నన్ను తిడ్తడు."

"తిడ్తే నా పేరు చెప్పు" అంది చిన్నది.

"చెప్త. నువ్వు చెప్పకున్నా చెప్త."

గ్రాంటు డబ్బు ఎటు పోయిందంటే, ఆ ఆడవాళ్ళకు గూళ్ళు వెతికిన పూట కూలి, తాగడానికి నీళ్ళ క్యాన్లు, మిరుగం ముందు ఎల్లయ్య లాంటి ట్రాక్టర్ వాళ్ళందరికీ ఒకపూట భోజనం. భోజనానికి వండింది నేను. చేను గలవాళ్ళను కూడా పిలిచాం. పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టె. వడ్డిస్తూ ప్రతి ఒక్కరితో అమ్మవారు వెలిసిన కథ నేనే చెప్పాను, నా నోటితో. వాళ్ళు పడి పడి నవ్వారు. నవ్విన మనుషులు ఆ ఏడు నాగళ్ళు ఎత్తారు.

గూళ్ళ లెక్క బాలమ్మ చెప్పేది. రాయడం రాదు కాబట్టి ఫోనులో మాట పట్టి పంపేది. చిన్నది బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చాయ్ తాగుతూ ఆ మాటలు విని పుస్తకంలో ఎక్కించేది. "టీచరమ్మా, ఈరమ్మోళ్ళ చేన్ల యాపచెట్టుకు ఇవతల మూడు గుడ్లు. తల్లి నన్ను చూసి కాలిరిగినట్టు నటించింది. దొంగముండ." ఇట్లా ఉండేవి. ఆ మాటలన్నీ ఆమె తీసెయ్యకుండా దాచింది. ఏడేళ్ళవి ఉన్నాయి.

ఆ ఏడేళ్ళలో నాలుగుసార్లు గ్రాంటు వచ్చింది, మూడుసార్లు రాలేదు. రాని ఏడు కూడా పని ఆగలేదు. కూలి తన జీతం నుంచి ఇచ్చింది, భోజనం నేను పెట్టాను. "రాకపోతే ఫికర్ లేదక్కా. అడుగుడు ఆపొద్దు" అనేది. అలిగేది కాదు. మరుసటి ఏడు మళ్ళీ గడప మీద కూర్చుని రాసేది. పిల్లలైన గూళ్ళు ఏటికేడు పెరిగాయి. ఎన్నో ఆమె పుస్తకంలో ఉంది, నేను ఇక్కడ చెప్పను. ఆమె అయితే చెప్పేది. అంకెలంటే ఆమెకు ప్రాణం.

పోయిన చలికాలంలో కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ అయింది. గడ్డ మళ్ళీ వచ్చింది. ఉగాది దాటాక దవాఖానలోనే ఎక్కువ రోజులు. నేను పక్కన కూర్చుని జపం చేసుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "అక్కా, దరఖాస్తుకు ఇంక ఐదు దినాలే ఉంది. కాయితం తీయ్" అంది.

వద్దనలేదు. ఆమె చెప్తుంటే నేను రాశాను.

"దరఖాస్తుదారు పేరు దగ్గర బాలమ్మ అని రాయి."

"నీ పేరు గదనే రాయాలె?"

"నా పేరు రాస్తె మిరుగానికి సంతకం ఎవరు పెడ్తరక్కా?"

మామూలు మాట అన్నట్టే అంది. నేను కిటికీ వైపు చూశాను. బాలమ్మ అని రాశాను.

"చదువు అని ఉంది. ఏం రాయాలె?"

"లేదని రాయి. లేంది లేదనే రాయాలె. కింద అనుభవం అని ఉంటది సూడు. అక్కడ రాయి: ఇరవై రెండేండ్లు చేన్లల్ల కొయ్యలు ఏరిన అనుభవం."

"ఒప్పుకుంటరా?"

"ఒప్పుకోకపోతే నష్టం వాళ్ళకే." కళ్ళు మూసుకుని నవ్వింది.

చివరి ప్రశ్న: ఈ పని మీరే ఎందుకు చేయాలి? దానికి బాలమ్మే జవాబు చెప్పాలని ఫోన్ చేయించింది. బాలమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పొద్దుగాల చేన్లకు ముందు పోయేది మేమే. ట్రాక్టర్ మా ఎనుక వస్తది." అదే రాశాను, ఆ మాటలతోనే. బాలమ్మ బస్సెక్కి వచ్చి, మంచం అంచు మీద కాగితం పెట్టుకుని వేలిముద్ర వేసింది. వేలికి అంటిన సిరా చిన్నదాని దుప్పటికి తుడవబోయి నాలుక కరుచుకుంది. చిన్నది దుప్పటి అంచు ఆమె చేతికి అందించింది. "తుడువు బాలమ్మా. దవాఖానదే."

అట్లా పంపాం. జవాబు రాకముందే చిన్నది పోయింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక చుట్టాలందరూ వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మేడమీద గది ఊడుస్తున్నాను. బల్ల మీద ఆమె ఫోన్ చప్పుడు చేసింది. బాలమ్మ మాట. వినాలా వద్దా అని కాసేపు చేతిలో పట్టుకున్నాను. విన్నాను.

"టీచరమ్మా... నువ్వు లేవని నాకెరికే. మరి ఎవలకు చెప్పాలె నేను? గుండ్ల చేన్ల మూడు గుడ్లున్నయి. రేపు ఎల్లన్న దున్నుతడంట."

నాకు ఆ ఫోనులో మాట పట్టడం తెలియదు. అటూ ఇటూ నొక్కి నేర్చుకున్నాను. "నాకు చెప్పు బాలమ్మా. రేపు వస్త" అన్నాను.

మర్నాడు నేను చేనుకు చేరేసరికి ఎండెక్కి, ముందు రోజు వానకు తడిసిన నేల పైపైన ఆరిపోయింది. సగం చేను దున్నేశారు. గట్టున ఉండగానే హైదరాబాదు పెద్దమనిషి ఫోన్ చేశాడు. చిన్నదాని సంగతి ఆయనకు తెలుసు, ఓదార్పు మాటలు చెప్పాడు. తర్వాత, "బాలమ్మగారి దరఖాస్తు ఒప్పుకున్నామమ్మా. అనుభవం దగ్గర రాసింది నేనే అందరికీ చదివి వినిపించాను" అన్నాడు. చిన్నది ఉంటే ఏమనేదో నాకు వినబడినట్టే ఉంది. ముందే చెప్పలేదా అనేది.

ఎల్లయ్య ట్రాక్టర్ మలుపు తిరిగి మా వైపే వస్తోంది. ఎదురుగా చేను నడుమ బాలమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపి, చెయ్యి పైకెత్తింది. అవతల గట్టు మీద చేను గలాయన అరుస్తున్నాడు, పడమట మబ్బు లేస్తోంది, గంట కిరాయి నడుస్తోంది, తొందరగా కానియ్యమని. ఎల్లయ్య బాలమ్మ ముందుకొచ్చి ట్రాక్టర్ ఆపాడు.

"టీచరమ్మ లేకపాయె" అన్నాడు. "ఇప్పుడు నన్ను అడిగేదెవరు బాలమ్మా?"

"నేను అడుగుతున్న."

"నువ్వెవలివి?"

నేను గట్టు దిగి వెళ్ళి చెప్పాను. "ఈ ఏడు గ్రాంటు బాలమ్మ పేరు మీద వచ్చింది ఎల్లన్నా. ఇంక అడిగేది ఆమెనే."

ఎల్లయ్య బాలమ్మను పైనుంచి కిందికి చూశాడు. ఏదో ఎగతాళి మాట నోటిదాకా వచ్చినట్టుంది. అనలేదు. మామూలుగా అయితే నాగళ్ళు ఎత్తి దాటించేవాడు. ఈసారి వంగి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. అవతలి గట్టు మీద చేను గలాయన కూడా అరవడం మాని చూస్తున్నాడు.

చప్పుడు ఆగిపోయాక తీతువు కూత ఒక్కటే మిగిలింది. బాలమ్మ నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వెనక్కి లాగింది. చేను మూలకు నీళ్ళు నిలిచిన చోట పిట్ట దిగింది. నీళ్ళలోకి నడిచి, కూర్చుని, పొట్ట ఈకలు ముంచింది. "గుడ్లకు సల్లదనం తీస్కపోతది పెద్దక్కా" అంది బాలమ్మ నా చెవిలో. పిట్ట లేచింది. దున్నిన చాళ్ళ మీదుగా ఎక్కుతూ దిగుతూ, ఆగి అటూ ఇటూ చూస్తూ, ఎవరూ కదలడం లేదని తెలుసుకుని గుడ్ల దగ్గరికి వచ్చింది. రెక్కలు సర్దుకుని వాటి మీద కూర్చుంది. దాని పొట్ట కింద నుంచి నీరు మెల్లగా జారి, బూడిదరంగు మన్ను చుట్టూ కొంచెం కొంచెంగా నల్లబడింది.